ప్రోగ్రామును ఎక్కడ విడదీయాలి?

విజయవాడ వద్ద కృష్ణానదిపై మొదటి ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో ముగిసినది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనను కెప్టెన్ ఓర్ ఆచరణలో పెట్టాడు. ఒడ్డు నుండి ఒడ్డుకు సాగిన ఆ రాతికట్టడం దాదాపు నూరేళ్లు డెల్టాకు నీరందించి, 1952లో గండిపడి దెబ్బతిన్నది. దాని స్థానంలో 1954లో ప్రారంభించి 1957లో పూర్తిచేసిన ప్రకాశం బ్యారేజి స్వభావంలోనే వేరు. అందులో 70 గేట్లు ఉన్నవి. ఒక్కొక్క గేటు వెడల్పు 40 అడుగులు. ఏ గేటుకు ఆ గేటును ఎత్తవచ్చు, దించవచ్చు, మరమ్మతు చేయవచ్చు. 2024 సెప్టెంబరు మొదటివారంలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, కొట్టుకొని వచ్చిన పడవలు కొన్ని గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొన్నవి. దెబ్బతిన్నవాటిని తీసి కొత్తవి అమర్చడానికి తక్కిన గేట్లను విప్పవలసిన పని లేకపోయినది.

ఇందులోని నీతి ఒకటి కంటె డెబ్బది ఎక్కువ అన్నది కాదు. ఒక భాగంలో వచ్చిన మార్పు పక్క భాగానికి పాకకుండా ఉండడమే అసలు సంగతి. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారికి కూడా ఇదే సమస్య ఎదురవుతున్నది. పెద్ద ప్రోగ్రామును ముక్కలు చేయాలని అందరూ ఒప్పుకుంటారు. ఎక్కడ ముక్కలు చేయాలన్న దగ్గర పొరపాట్లు జరుగుతున్నవి. ఈ ప్రశ్నకు 1972లోనే డేవిడ్ పార్నాస్ అనే శాస్త్రజ్ఞుడు ఆరు పుటల చిన్న వ్యాసంలో జవాబు చెప్పాడు. ఆ జవాబు నేటి జావా వెబ్ ప్రోగ్రాములకు ఎంతవరకు పనికివస్తుంది? ఎక్కడ చాలదు? ఈ రెండూ పరిశీలించదగినవి.

జావా ప్రోగ్రాము నిర్మాణం

జావా భాషను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో లోకానికి పరిచయం చేసినది. ఆ భాషలో వ్రాసిన పాఠాన్ని యంత్రం నేరుగా చదవదు. ముందుగా కంపైలరు దానిని బైట్‌కోడుగా మారుస్తుంది. అట్లా తయారయిన ఫైళ్లను ఒక మూటగా కట్టితే దానిని జార్ ఫైలు అంటారు. వెబ్ పేజీలతో సహా సర్వరుపై పెట్టడానికి అనువుగా కట్టిన మూటను వార్ ఫైలు అంటారు. పాఠం నుండి మూట వరకు జరిగే ఈ పనినంతా కలిపి బిల్డ్ అని పిలుస్తారు.

ప్రోగ్రాము చిన్నదిగా ఉన్నంతకాలం అంతా ఒకే మూటగా ఉండవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. ఒక మూల ఒక వాక్యం మార్చినా మొత్తం మళ్లీ కంపైలు చేయాలి, మొత్తం మళ్లీ పరీక్షించాలి. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఎవరి కోడు ఎవరి కోడును వాడుకుంటున్నదో ఎవరికీ తెలియకుండా పోతుంది.

దీనికి విరుగుడుగా మేవెన్, గ్రేడిల్ వంటి పనిముట్లు వచ్చినవి. మేవెన్ మొదటి పూర్తి రూపం 2004లో వెలువడినది. వీటితో ఒక ప్రోగ్రామును అనేక మాడ్యూళ్లుగా, అనగా విడివిడిగా నిర్మించదగిన ఖండాలుగా, విభజించవచ్చు. ప్రతి మాడ్యూలు తన ఆధారాలేమిటో ఒక ఫైలులో ప్రకటిస్తుంది. ఆ ప్రకటనలను చూచి పనిముట్టు ఏది ముందు కట్టాలో, ఏది తరువాత కట్టాలో నిర్ణయిస్తుంది. మొదటిది రెండవదానిపైన, రెండవది తిరిగి మొదటిదానిపైన ఆధారపడితే మేవెన్ నిర్మించనని మొరాయిస్తుంది. ఈ మొరాయింపు వల్ల మేలే జరుగుతుంది. దాగిన ముడి ఒకటి బయట పడుతుంది.

ఐతే మేవెన్ చెప్పగలిగినది ఇంతవరకే. ముడి ఉన్నదని చెప్పగలదు కాని, కోత సరియైన చోట పడినదో లేదో చెప్పలేదు.

ఒక కళాశాల ఉదాహరణ

విజయవాడలో ఒక కళాశాల ఉన్నదనుకోండి. ప్రవేశాలు, ఫీజులు, పరీక్షలు మూడింటికీ కలిపి ఒక జావా వెబ్ ప్రోగ్రాము నడుస్తున్నదనుకోండి. దానిని విడదీయమంటే సాధారణంగా జరిగే పని ఇది. తెరపై కనిపించే పేజీలన్నీ ఒక మాడ్యూలు, లెక్కలు, నియమాలు అన్నీ రెండవ మాడ్యూలు, డేటాబేసుతో వ్యవహరించే కోడంతా మూడవ మాడ్యూలు. పటం వేసి చూపితే ఇది చక్కగా ఉంటుంది. పాఠ్యపుస్తకాలలోనూ తరచు ఈ పటమే కనిపిస్తుంది.

ఇప్పుడు యాజమాన్యం ఒక కొత్త నియమం చేసినది. స్కాలర్‌షిప్పు పొందే విద్యార్థులు ఫీజును రెండు వాయిదాలలో కట్టవచ్చును. ఈ చిన్న మార్పుకు పేజీల మాడ్యూలులో కొత్త గడి కావాలి, నియమాల మాడ్యూలులో కొత్త లెక్క కావాలి, డేటా మాడ్యూలులో కొత్త నిలువు వరుస కావాలి. మూడూ మారినవి, మూడూ మళ్లీ కట్టవలసి వచ్చినవి. పైగా పరీక్షల నియమాలు కూడా అదే రెండవ మాడ్యూలులో ఉన్నవి. ఫీజు లెక్కలో తప్పు దొర్లితే, హాల్ టికెట్లు ఇవ్వవలసిన రోజున ఆ పని కూడా ఆగిపోవచ్చు. విడదీసిన శ్రమ మిగిలినది, విడదీసిన ఫలితం రాలేదు.

అదే ప్రోగ్రామును వేరొక విధంగా కోయవచ్చు. ప్రవేశం ఒక మాడ్యూలు, ఫీజు ఒకటి, పరీక్ష మరియొకటి. దేని పేజీలు, దేని నియమాలు, దేని పట్టికలు దానివే. పరీక్షల మాడ్యూలు ఫీజు మాడ్యూలును ఒక్కటే ప్రశ్న అడుగుతుంది. ఫలానా సంఖ్య గల విద్యార్థి ఫీజు విషయంలో పరీక్షకు అర్హుడా, కాదా? జవాబు అవును లేదా కాదు. వాయిదాలు రెండైనా, నాలుగైనా ప్రశ్న మారదు, జవాబు రూపమూ మారదు. కనుక పరీక్షల మాడ్యూలును ముట్టుకోవలసిన పని లేదు.

మొదటి పద్ధతికీ ఒక ప్రయోజనం లేకపోలేదు. డేటాబేసునే మార్చివేసే రోజు వస్తే, అందులో ఒక్క మూడవ మాడ్యూలు మారితే చాలు. ఐతే ఫీజు నియమం ఏటేటా మారుతుంది, డేటాబేసు ఏ పదేళ్లకో గాని మారదు. తరచు వచ్చే మార్పుకు దారి కష్టం చేసి, అరుదుగా వచ్చే మార్పుకు దారి సుగమం చేయడం తెలివైన పని కాదు. విషయాన్నిబట్టి విడదీసిన మాడ్యూలు లోపల పేజీలు, నియమాలు, డేటా అనే పొరలను వేరుగా ఉంచుకోవడానికి ఏ ఆటంకమూ లేదు.

పార్నాస్ చెప్పినదేమి?

పార్నాస్ తన వ్యాసంలో తీసుకొన్న ఉదాహరణ చాలా చిన్నది. కొన్ని శీర్షికలు ఇస్తే, ప్రతి శీర్షికలోని మొదటి మాటను తీసి చివర చేర్చుకుంటూ పోయి, వచ్చిన రూపాలన్నిటినీ అక్షరక్రమంలో పేర్చాలి. ఉదాహరణకు ‘కృష్ణా డెల్టా కాలువలు’ అనే శీర్షిక నుండి ‘డెల్టా కాలువలు కృష్ణా’, ‘కాలువలు కృష్ణా డెల్టా’ అనే రూపాలు వస్తవి. గ్రంథాలయాలలో ఏ మాట గుర్తున్నా పుస్తకాన్ని పట్టుకోవడానికి ఇట్టి సూచికలు ఉపయోగపడేవి.

ఈ ప్రోగ్రామును ఆయన రెండు విధాల విభజించి చూపాడు. మొదటి విభజన పని జరిగే వరుసను అనుసరిస్తుంది. చదువుట, మాటలు తిప్పుట, క్రమంలో పేర్చుట, అచ్చువేయుట, ఒక్కొక్క దశకు ఒక్కొక్క మాడ్యూలు. రెండవ విభజనలో ప్రతి మాడ్యూలూ ఒక నిర్ణయాన్ని తనలో దాచుకుంటుంది. శీర్షికలను యంత్రం జ్ఞాపకంలో ఏ రూపంలో నిలువచేయాలనే నిర్ణయం ఒక మాడ్యూలుకే తెలుసు. తక్కినవి ‘ఫలానా శీర్షికలో ఫలానా మాటలో ఫలానా అక్షరం ఇవ్వు’ అని దానిని అడుగుతవి. మొదటి విభజనలో నిలువచేసే రూపం మారితే మాడ్యూళ్లన్నీ మారవలసి వస్తుంది. రెండవదానిలో ఒక్కటి మారితే చాలు.

ఆయన సిద్ధాంతం దీని నుండి వచ్చినది. పని జరిగే వరుసను చూచి విభజన మొదలుపెట్టకూడదు. కష్టమైన నిర్ణయాలు, మారగల నిర్ణయాలు ముందుగా జాబితా వ్రాసుకొని, ఒక్కొక్క దానిని ఒక్కొక్క మాడ్యూలులో దాచాలి.

తెలుగు అక్షరాల సాక్ష్యం

ఈ సిద్ధాంతం బలం తెలుగువారికి సులభంగా బోధపడుతుంది. ఒక బైటుకు ఒక ఇంగ్లీషు అక్షరం అనే లెక్కతో వ్రాసిన పాత ప్రోగ్రాముకు తెలుగు శీర్షికలు ఇచ్చారనుకోండి. ‘కృష్ణా’ అనే మాటలో కంటికి కనిపించే అక్షరాలు రెండు. యూనికోడ్ పద్ధతిలో అది క, ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. యూటీఎఫ్-8 రూపంలో నిలువచేస్తే ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు పడుతుంది. అక్షరాలను లెక్కించే పని ప్రోగ్రాము నిండా చెల్లాచెదరుగా ఉంటే ప్రతి చోటా సరిచేయాలి. ఒక మాడ్యూలులో దాగి ఉంటే అక్కడ సరిచేస్తే సరిపోతుంది.

అక్షరక్రమం సంగతి కూడా అంతే. యూనికోడ్ వరుసలో ‘ళ’ అక్షరం ‘ల’ వెంటనే వస్తుంది. బడిలోని వర్ణమాల పటంలో ‘హ’ తరువాత వస్తుంది. కనుక సంకేతాల వరుసనే నమ్ముకొన్న ప్రోగ్రాము ‘కళ’ను ‘కవి’ కంటె ముందు పేర్చుతుంది. వర్ణమాల నేర్చిన విద్యార్థి ‘కవి’ని ముందు వెదుకుతాడు. ఏ క్రమం పాటించాలనే నిర్ణయం పేర్చే మాడ్యూలు ఒక్కదానికే తెలిసి ఉంటే, దానిని మార్చడం ఒక పూట పని.

ఇంతకంటె పెద్ద నిదర్శనం జావా భాషలోనే ఉన్నది. జావాలో మాటలను, వాక్యాలను స్ట్రింగ్ అనే నిర్మాణంలో ఉంచుతారు. మొదట్లో దానిలోని ప్రతి సంకేతానికి రెండు బైట్లు కేటాయించేవారు. 2017 సెప్టెంబరులో వెలువడిన జావా 9లో ఈ ఏర్పాటు మార్చారు. ఇంగ్లీషు వంటి లిపులకు ఒక బైటు, తెలుగు వంటివాటికి మునుపటివలె రెండు బైట్లు. లోకంలో జావాతో వ్రాసిన ప్రోగ్రాములన్నీ స్ట్రింగును వాడుకుంటవి. ఐనా వాటిని తిరిగి వ్రాయవలసిన అవసరం కలుగలేదు. స్ట్రింగు ఎంత పొడవని, దానిలో ఫలానా స్థానంలో ఏమున్నదని అవి అడిగేవే గాని, లోపల బైట్లు ఎట్లా పేర్చారో వాటికి తెలియదు. గోడ దూకి లోపలి నిర్మాణంలో చెయ్యి పెట్టిన కొద్ది ప్రోగ్రాములు మాత్రం ఇబ్బంది పడినవి. పార్నాస్ సూత్రానికి ఇంతకు మించిన పరీక్ష ఉండబోదు.

గోడను కాపాడేదెవరు?

గోడ దూకడం తప్పని చెప్పినంత మాత్రాన దూకేవారు ఆగరు. జావా పాత రూపాలలో ఒక జార్ ఫైలులో ‘పబ్లిక్’ అని వ్రాసినదానిని వేరే ఏ జార్ ఫైలయినా వాడుకోగలిగేది. మాడ్యూలు లోపలి అవసరం కోసం వ్రాసినది సైతం ఊరందరి సొత్తు అయ్యేది. జావా వ్యవస్థ తానే ఈ దోషానికి ఉదాహరణగా ఉండేది. జావా 8 వరకు దాని మూల గ్రంథాలయంలో అధికభాగం సుమారు 60 మెగాబైట్ల ఒకే జార్ ఫైలులో ఉండేది.

దీనిని సరిదిద్దడానికి జిగ్‌సా అనే పథకాన్ని 2008లో తలపెట్టారు. అది జావా 7లో రావలసి ఉండగా 8కి, అక్కడినుండి 9కి వాయిదా పడినది. 2017 మే నెలలో ప్రమాణాల సంఘంలో జరిగిన ఓటింగులో 13 సంస్థలు వ్యతిరేకించగా 10 సంస్థలు సమర్థించినవి. సవరణలు చేసిన పిమ్మట జూన్‌లో 24 సంస్థలు ఆమోదించినవి. ఆ సంవత్సరం వెలువడిన జావా 9లో మూల గ్రంథాలయం డెబ్బదికి పైగా మాడ్యూళ్లయినది. ప్రతి మాడ్యూలూ తనకు కావలసినవాటిని ‘రిక్వైర్స్’ అనే మాటతోను, తాను బయటి వారికి ఇచ్చేవాటిని ‘ఎక్స్‌పోర్ట్స్’ అనే మాటతోను ప్రకటించాలి. ప్రకటించనిదానిని బయటివారు వాడబోతే కంపైలరే అడ్డుకుంటుంది.

ఒక గ్రంథాలయాన్ని విడదీయడానికి తొమ్మిదేళ్లు ఎందుకు పట్టినది? కోయడం కష్టమై కాదు, అల్లుకుపోయిన ఆధారాలను విప్పడం కష్టమై. ఇరవై ఏళ్లు గోడలు లేకుండా పెరిగినదానికి తరువాత గోడలు కట్టడం ఎంత కష్టమో ఈ చరిత్ర చెబుతున్నది.

సూత్రానికి గల హద్దులు

పార్నాస్ వ్యాసాన్ని మెచ్చుకోవడంతో విమర్శ ముగియదు. ఆయన సూత్రం కొన్ని చోట్ల చాలదు. కొన్ని చోట్ల దానిని అపార్థం చేసుకుంటున్నారు.

మొదటిది, మారబోయే నిర్ణయాలను ముందుగా ఊహించగలగాలి. మనుష్యులు ఈ ఊహలో తరచు పొరబడతారు. సంవత్సరాన్ని రెండు అంకెలతో వ్రాయడం ఒకప్పుడు ఎవరికీ నిర్ణయంగానే తోచలేదు. కనుక దానిని ఎవరూ ఒకచోట దాచలేదు. 2000వ సంవత్సరం దగ్గరపడినప్పుడు ఆ రెండు అంకెలను లక్షలాది పంక్తులలో వెదకవలసి వచ్చినది. మార్పు వచ్చి మీదపడిన తరువాత కోత స్థలాన్ని ఎట్లా జరపాలన్నదానికి పార్నాస్ వ్యాసంలో పెద్ద సహాయం దొరకదు.

రెండవది, విడిగా నిర్మించడం వేరు, విడిగా నడవడం వేరు. కళాశాల ఉదాహరణలోని మూడు మాడ్యూళ్లు మూడు జార్ ఫైళ్లు కావచ్చు. చివరకు అవి ఒకే వార్ ఫైలులో చేరి, ఒకే జావా యంత్రంలో నడుస్తవి. ఫీజు మాడ్యూలు జ్ఞాపకశక్తినంతా మింగివేస్తే పరీక్షల మాడ్యూలు కూడా నిలిచిపోతుంది. తాను విభజిస్తున్నది మనుష్యుల పనినేగాని, నడిచే యంత్రాన్ని కాదని పార్నాస్ స్పష్టంగానే చెప్పాడు. రెండు విభజనలూ చివరకు ఒకే విధంగా నడిచే ప్రోగ్రాముగా తయారు కావచ్చునని కూడా చెప్పాడు. మాడ్యూళ్లు చేశాము గనుక ఇక సర్వరు కూలదని నమ్మేవారి పొరపాటును ఆయనకు అంటగట్టరాదు. బ్యారేజి గేట్లు డెబ్బది అయినా అన్నీ ఒకే పునాదిపై నిలిచి ఉన్నవి గదా!

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఉమ్మడి డేటాబేసు. విజయవాడ నగరం గుండా ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ సాగిపోతవి. పేర్లు వేరు, దారులు వేరు, ఆయకట్టులు వేరు. ఐనా అన్నిటికీ నీరిచ్చే నది ఒక్కటే. నీరు తక్కువైన ఏడు ఎగువవారు వంతుకు మించి వాడుకుంటే శివారు భూముల రైతుకు తిప్పలు తప్పవు. అతని కాలువకు గండి లేదు, తూముకు లోపం లేదు, ఐనా మడి ఎండుతుంది. మాడ్యూళ్లన్నీ డేటాబేసులోని ఒకే పట్టికలను నేరుగా చదివి, నేరుగా వ్రాస్తుంటే వాటి స్థితి కూడా ఇదే. జావా కంపైలరు గోడలన్నీ చక్కగా ఉన్నవని చెబుతుంది. ఫీజు వారు పట్టికలో ఒక వరుస పేరు మార్చిన మరునాడు పరీక్షల పేజీ తెరుచుకోదు. గోడకు కింద దారి ఉన్నంతకాలం గోడ ఉన్నట్లు కాదు. ఒక పట్టికకు ఒకే మాడ్యూలు యజమాని అనే నియమం లేనిదే విభజన పూర్తికాదు.

నాలుగవది, ప్రతి గోడకూ ఖర్చు ఉన్నది. ప్రతి మాడ్యూలుకూ ఒక బిల్డ్ ఫైలు, ఒక రూపసంఖ్య, ఒక పరీక్షల సముదాయం కావాలి. ఇద్దరు విద్యార్థులు నెల రోజులలో వ్రాసే ప్రాజెక్టును ఇరవై మాడ్యూళ్లు చేస్తే, మాడ్యూళ్లను చూచుకోవడమే వారి ప్రాజెక్టు అవుతుంది. అట్టిచోట ఒకే మాడ్యూలులో పాకేజీలను శుభ్రంగా ఉంచుకొంటే చాలు.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ విమర్శ అంతా ఒక నల్లబల్లపై తేల్చుకోవచ్చు. ఉపాధ్యాయుడు ఏదైనా తెలిసిన ప్రోగ్రామును, కనీసం పాఠశాల హాజరు పట్టికను, తీసుకోవాలి. రాబోయే రెండేళ్లలో రాగల ఐదారు మార్పులను విద్యార్థులచేత చెప్పించి ఎడమవైపు వ్రాయాలి. వారు ప్రతిపాదించిన మాడ్యూళ్లను పైన వ్రాయాలి. ప్రతి మార్పుకూ ఏ ఏ మాడ్యూళ్లను ముట్టుకోవలసి వస్తుందో ఆ గడులలో గుర్తు పెట్టాలి. ఒక మార్పుకు ఒక గుర్తు పడితే కోత బాగున్నది. ప్రతి మార్పుకూ అడ్డవరుస నిండిపోతే మాడ్యూళ్ల సంఖ్య ఎంత ఉన్నా ఆ ప్రోగ్రాము ఇంకా ఒకే ముద్ద. తరువాత అదే ప్రోగ్రామును వేరొక విధంగా విభజించి, గుర్తులు మళ్లీ లెక్కించాలి.

పార్నాస్ రెండు విభజనలనూ పోల్చిన పద్ధతి దాదాపు ఇదే. ఈ పరీక్షకు కంప్యూటరు కూడా అక్కరలేదు, సుద్దముక్క చాలు. మేవెన్ ఫైలు వ్రాయడం ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. ఏది మారుతుంది, ఏది నిలుస్తుంది అని ముందుగా అడిగే అలవాటు మాత్రం బడిలోనే పడాలి. రేపు ఆ విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాములో ఫీజు నియమం మారిన రోజున వేరొక ఊరి పిల్లవానికి హాల్ టికెట్టు ఆగకుండా అందడం ఆ అలవాటుపైనే ఆధారపడి ఉంటుంది.